పదిలో నాలుగు ఉన్నాయి, మిగతా ఆరూ కొనాలా?

ప్రశ్న: మాది బాపట్ల. చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాం, ప్రస్తుతం ఒహాయోలో. నాలుగేళ్ల కిందట మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన వెళ్తూ వెళ్తూ తన జేబులో ఉన్న పాత కేస్ కంపెనీ మడత చాకు నా చేతిలో పెట్టారు. మూడు బ్లేడ్లు, ఎముక పిడి, బాగా వాడి అరిగింది. నా పిచ్చి అక్కడే మొదలైంది. ఇప్పుడు నా దగ్గర పాతికకు పైగా మడత చాకులున్నాయి. కేస్ 6318 స్టాక్‌మాన్ అనే మూడు బ్లేడ్ల చాకు రకంలో 1970 నుంచి 1979 వరకు ఏడాదికొకటి చొప్పున పది కత్తులూ, అన్నీ వాడనివి, సేకరించాలని నా కోరిక. 1972, 75, 77, 79 దొరికాయి. మిగతా ఆరూ కలిపి ఇస్తానని ఒకాయన అంటున్నారు, విడిగా ఇవ్వరట. మా ఇంటి లోన్ నెల వాయిదాలో సగానికి పైనే చెబుతున్నారు. ఫొటోల్లో 1974, 1978 కత్తులకు ఆకుపచ్చ తుప్పులాంటిది కనిపిస్తోంది. 1971ది సాన పట్టినట్టుంది. ఇవి కాక గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ కొత్త కత్తి వదిలినప్పుడల్లా అన్ని రకాల పిడుల్లోనూ కొనాలనిపిస్తుంది. ఒపినెల్ కత్తుల సైజులన్నీ వరసగా పెట్టుకోవాలనీ, ఎప్పటికైనా దుప్పి కొమ్ము పిడుల సెట్ ఒకటి కొనాలనీ ఉంది. ‘అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకటి చాలదా’ అంటుంది మా ఆవిడ. నాకేమో వరసలో ఒక్కటి లేకపోయినా టెన్షన్. పూర్తి సెట్ల వెంట పడటం మంచిదేనా? పదేళ్లలో ఇండియా వచ్చేసే ఆలోచన కూడా ఉంది. పెద్దాయన ఇచ్చిన కత్తి 1974 నాటిదే, కానీ అరిగిపోయింది కాబట్టి లెక్కలో కలపలేదు.
– ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాను. పది కత్తుల సెట్ పూర్తి చేయండి. కానీ ఆ ఆరింటినీ ఆ ధరకు, ఆ షరతు మీద కొనకండి. గ్రేట్ ఈస్టర్న్ సెట్ల జోలికి అసలు వెళ్లొద్దు. ఒపినెల్‌కు ఇంత ఆలోచన అక్కర్లేదు. కొమ్ము పిడుల దగ్గర మాత్రం, ఇండియా వచ్చే ఉద్దేశం ఉంది కాబట్టి, గట్టిగా ఆగాలి.

ఈ పది కత్తుల లెక్కేమిటో తెలియని పాఠకుల కోసం కొంచెం చెబుతాను. 1889లో కేస్ అన్నదమ్ములు న్యూయార్క్ రాష్ట్రంలోని లిటిల్ వ్యాలీలో బండి మీద కత్తులు అమ్ముతూ ఈ వ్యాపారం మొదలుపెట్టారు. 1905లో కంపెనీ పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు మారింది. ఇప్పటికీ అక్కడే ఉంది. అదే ఊళ్లో లైటర్లు తయారుచేసే జిప్పో 1993లో దీన్ని కొనేసింది. కేస్ కత్తిని తెరిచి చూస్తే బ్లేడు మొదట్లో, కీలు పక్కన పదును లేని చిన్న చదును భాగం ఉంటుంది. ముద్ర అక్కడ కొడతారు. 1940 నుంచి 1964 వరకు ఆ ముద్రలో ‘కేస్ ఎక్స్ఎక్స్’ అని మాత్రమే ఉండేది. 1965లో దాని కింద ‘యూ.ఎస్.ఏ.’ చేరింది. 1970లో ‘మేడ్ ఇన్ యూ.ఎస్.ఏ.’ అయింది, దాని కింద పది చుక్కలు పెట్టారు. తర్వాత ఏడాదికో చుక్క తీసేస్తూ వచ్చారు. 1971లో తొమ్మిది, 1974లో ఆరు, 1979లో ఒక్కటి. 1980లో ఎస్ అక్షరాన్ని మెరుపు గీతలా మార్చి మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. ఇక బ్లేడుకు రెండో వైపున్న 6318 అనే నంబరులో 6 అంటే గీతలు చెక్కిన ఎముక పిడి, 3 అంటే మూడు బ్లేడ్లు, 18 అంటే ఆ ఆకారం నంబరు. భూతద్దం, ఈ కాస్త లెక్క ఉంటే చాలు, యాభై ఏళ్ల నాటి కత్తి తన పుట్టిన ఏడాదిని తానే చెబుతుంది.

మీ సెట్ పూర్తి చేయదగినదని నేననడానికి కారణం కూడా ఇదే. దాని మొదలు, చివర రెండూ ఫ్యాక్టరీయే పెట్టింది. పది చుక్కల దగ్గర మొదలైంది, ఒక చుక్క దగ్గర ఆగింది. ఎవరో అమ్మకందారు ‘లిమిటెడ్ ఎడిషన్’ అని ఇప్పుడు పుట్టించింది కాదు, రేపు పదకొండోది విడుదల చేసేవాళ్లూ లేరు. సంక్రాంతి బొమ్మల కొలువులో దశావతారాల బొమ్మలు పదీ ఉంటేనే ఆ మెట్టు నిండినట్టు. మిగతా మెట్ల మీద పెట్టే బొమ్మలకు లెక్కా లేదు, అంతూ లేదు, ఏటా ఒకటి కొనుక్కుంటూ పోవచ్చు. చుక్కల 6318లు దశావతారాల మెట్టు లాంటివి.

అయితే ఆ మెట్టుకు గీత ఇప్పుడే గట్టిగా గీసుకోండి. అదే 18 ఆకారం పసుపు పిడితో 3318గా వచ్చింది. స్టెయిన్‌లెస్ బ్లేడుతో ఇంకో రకం ఉంది. 1970ల నాటి ఎముక పిడుల రంగు కూడా ఒకేలా ఉండదు, ముదురు గోధుమ నుంచి ఎరుపు దాకా మారుతుంది. గీత గీసుకోకపోతే పది కాస్తా ఇరవై అవుతాయి, ఆ తర్వాత మెరుపు ఎస్‌తో 1980ల పది రమ్మంటాయి. ‘6318, ఎముక పిడి, మామూలు స్టీలు, 1970–79’ అని ఒక కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపల అతికించుకోండి. దానికి సరిపోనిది ఎంత చవగ్గా వచ్చినా అది ఈ సెట్‌లోది కాదు.

గ్రేట్ ఈస్టర్న్ దగ్గర ఈ గీత గీయడం కుదరదు. 2006లో పెన్సిల్వేనియాలోనే టైటస్‌విల్‌లో మొదలైన కంపెనీ అది. కత్తులు చాలా బాగుంటాయి, అందులో నాకు రెండో మాట లేదు. పాత పద్ధతి ఆకారాలు, 1095 రకం కార్బన్ స్టీలు, మూసినప్పుడు టప్‌మని పడే బ్లేడు. కానీ వాళ్ల పని తీరే వేరు. ఒక ఆకారాన్ని కొన్నాళ్లు తయారుచేస్తారు. అందులో ఎముక, చెక్క, కొమ్ము, అక్రిలిక్, ఇలా పిడికొక చిన్న బ్యాచ్. కొన్ని డీలర్ల ఆర్డరు మీద చేసేవి. టిడియూట్, నార్త్‌ఫీల్డ్ అని వేర్వేరు ముద్రలు. కొన్నేళ్లాగి అదే ఆకారం కొత్త పిడులతో మళ్లీ వస్తుంది. అంటే మీరు ఈరోజు ‘పూర్తయింది’ అనుకున్న సెట్ ఎప్పుడైనా అసంపూర్తి కావచ్చు. పైగా మంచి బ్యాచ్ డీలరు దగ్గర నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత రెండో చేతి ధర మీద పడాల్సిందే. అక్కడ చేతి చమురు వదలడమే తప్ప పూర్తి కావడం ఉండదు. ఆ కంపెనీవి మీకు నచ్చిన ఆకారంలో, నచ్చిన పిడితో ఒకటో రెండో తీసుకోండి, హాయిగా వాడుకోండి.

మీ టెన్షన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కలెక్టర్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నాలుగు చేతికొచ్చాక, లేని ఆరు ఎక్కువగా కనిపిస్తాయి. కొనేది కత్తిని కాదు, ఖాళీని. ఆ ఖాళీ విలువ ఎంతో అమ్మేవాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అందుకే ‘ఆరూ కలిపే’ అంటున్నారు. ఏ కత్తి చేతికొచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: నా దగ్గర మిగతా తొమ్మిదీ లేకపోయినా దీన్ని కొనేవాడినా? అవును అనిపిస్తేనే డబ్బు తీయండి. మీరు అడిగేది ఏనాడూ అరుదైన సరుకు కాదు. స్టాక్‌మాన్ అమెరికాలో రైతులు, పశువుల కాపరులు ప్యాంటు జేబులో వేసుకు తిరిగిన మామూలు పనిముట్టు. కేస్ వాటిని దశాబ్దమంతా అమ్మింది. కాస్త ఓపిక పడితే ఇంకోటి వస్తుంది.

ఇప్పుడు మీరు లెక్కలో కలపని కత్తి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే. పెద్దాయన ఇచ్చిన 1974 కత్తిని పక్కన పెట్టి, అదే ఏడాదిది పచ్చ పట్టిన ఇంకో కత్తికి డబ్బు పెట్టబోతున్నారు. వద్దు. వరసలో ఆరు చుక్కల చోటు ఆయన కత్తిదే. స్టాక్‌మాన్‌ను తెరిచి చూడండి, మూడు బ్లేడ్లూ మూడు పనులకు పుట్టినవి. పొడవైన, మొన ఉన్న పెద్ద బ్లేడు అన్ని పనులకూ. అంచు తిన్నగా ఉండే షీప్‌ఫుట్ బ్లేడు పశువుల గిట్టలు చెక్కడానికి, మొన లేకుండా అణిగి ఉండే స్పే బ్లేడు కోడెలకు వృషణాలు తీయడానికి, పొరపాటున మొన లోపలికి గుచ్చుకోకుండా. ఆయన కత్తిలో ఏ బ్లేడు ఎక్కువ అరిగిందో చూడండి. బహుశా పెద్దదే అయ్యుంటుంది, ఆఫీసు మనిషి కవర్లు కోయడానికీ ఆపిల్ కోయడానికీ వాడేది అదే. బ్లేడు మీద పట్టిన ఆ బూడిదరంగు నీడ తుప్పు కాదు, కార్బన్ స్టీలు వాడగా వాడగా పట్టే పాటినా. దాన్ని మెరుగు పెట్టి పోగొట్టకండి. వాడని తొమ్మిదింటి మధ్య వాడిన ఒకటి ఉంటే, ఆ తొమ్మిదీ దేనికి తయారయ్యాయో చూసేవాళ్లకు తెలుస్తుంది. రేపు మీ పిల్లలు పెట్టె తెరిస్తే ముందు అడిగేది దాని గురించే. అమెరికాలో కత్తి బహుమతిగా పుచ్చుకుంటే ఇచ్చినవాళ్ల చేతిలో ఒక పెన్నీ పెడతారు, స్నేహం తెగకుండా. మన ఇళ్లలో కత్తీ కత్తెరా చేతికివ్వకుండా కింద పెట్టి తీసుకోమంటారే, దాదాపు అదే భయం. మీరు అప్పుడు పెన్నీ ఇవ్వకపోయి ఉంటే, ఆయన ఇంకా ఫోన్లో దొరికే మనిషే అయితే, ఇప్పుడైనా ఒక కార్డులో పెట్టి పంపండి. ఎంత సంతోషిస్తారో చూడండి.

అలా చూస్తే మీకు కావలసింది ఆరు కాదు, ఐదే: 1970, 71, 73, 76, 78.

ఫొటోలో కనిపించిన పచ్చ గురించి భయపడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. ఈ కత్తుల లోపలి పలకలు ఇత్తడివి. ఏళ్ల తరబడి తోలు సంచిలో ఉంటే తోలులోని ఆమ్లాలకు ఇత్తడి మీద పచ్చటి మైనంలాంటి చిలుం పుడుతుంది. పిడికీ లోహానికీ మధ్య సన్నటి గీతలా, కీలు చుట్టూ ఉంగరంలా కనిపిస్తుంది. ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి, టూత్‌పిక్‌తో తీస్తే అది వచ్చేస్తుంది. అసలు చూడాల్సింది దాని కిందున్న స్టీలును. బ్లేడు కీలులోకి వెళ్లేచోట నల్లటి సూదిమొన గుంటలు ఉంటే తుప్పు లోపలికి తిన్నట్టు. అవి పోవు. అమ్మే ఆయన్ని బ్లేడు సగం తెరిచి, వీపు వైపు నుంచి పగటి వెలుతురులో ఒక ఫొటో, ముద్ర దగ్గరకు జరిగి ఒక ఫొటో అడగండి. చుక్కలు మీరే లెక్కపెట్టుకోండి. ఎవరైనా తుప్పు వదలగొట్టాలని గరుకు కాగితంతో రుద్ది ఉంటే ముద్ర మసకబారుతుంది, ఒక చుక్క అరిగిపోయి ఏడాది తప్పు లెక్కకొస్తుంది. పిడి ఎముకదేనా అన్నది కూడా చూడండి. 1970ల్లో కొన్ని ఆకారాలకు కేస్ 6 నంబరు అలాగే ఉంచి ఎముక బదులు డెల్రిన్ అనే ప్లాస్టిక్ వాడింది. భూతద్దంలో ఎముక అంచుల దగ్గర సన్నటి రంధ్రాలు, నల్లటి చారలు కనిపిస్తాయి. డెల్రిన్ అంతా ఒకే నునుపు. ఇక బ్లేడు తెరిచి పట్టుకుని పక్కలకు కదిపితే కదలకూడదు, మూసేటప్పుడు స్ప్రింగ్ బిగువుగా లాక్కోవాలి. ఇది మాత్రం ఫొటోల్లో తెలియదు. అందుకే వెనక్కి పంపే వీలు లేకుండా కొనకండి.

సాన పట్టిన 1971ని నేను కాదనను. కాకపోతే వాడని కత్తి ధర దానికి ఇవ్వకూడదు. ఫ్యాక్టరీ పదును ఒకసారి పోతే కలెక్టర్ల లెక్కలో అది మింట్, అంటే వాడని కొత్త కత్తి, కాదు. కంపెనీ పెట్టిన పదునుకు సన్నటి, తిన్నని గీతలు అంచు పొడవునా సమానంగా ఉంటాయి. ఇంట్లో సాన పెడితే మొన దగ్గర, మొదట్లో గీతలు దిశ మారతాయి. మీరు ఈ తేడా చూపించి ధర తగ్గించమనండి.

పెట్టుబడి కోసమని మాత్రం అనుకోవద్దు. పదీ పూర్తయితే విలువ పెరుగుతుందనే మాట చాలామంది చెబుతారు. నిజానికి పది కత్తులకు ఒకేసారి డబ్బు పెట్టి కొనేవాళ్లు తక్కువ. అమ్మాల్సి వస్తే మీరూ చివరికి విడివిడిగానే అమ్ముతారు. 1977లో నీలం లతల ముద్రతో, 1978లో ఎరుపు లతల ముద్రతో కేస్ తానే కొమ్ము పిడుల కత్తుల్ని సెట్లుగా విడుదల చేసింది. అలాంటివి అసలు పెట్టెతో, చెక్కుచెదరకుండా ఉంటే సెట్‌గా విలువ ఉంటుంది. మనం కూర్చుకున్న సెట్ విలువ మనకే.

ఒపినెల్ గురించి నా సలహా చాలా చిన్నది. 1890లో ఫ్రాన్స్ సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ చేసిన చెక్క పిడి కత్తి అది. 1897లో 1 నుంచి 12 దాకా సైజులు పెట్టారు. 1, 11 నంబర్లు తర్వాత మానేశారు. వాటిలో ఇప్పుడు ఉన్నవి 2 నుంచి 10 వరకు, ఆపైన 12, మొత్తం పది. చిటికెన వేలంత 2వ నంబరు దగ్గర్నుంచి 12 సెంటీమీటర్ల బ్లేడున్న 12వ నంబరు దాకా అన్నీ ఇప్పటికీ తయారవుతున్నాయి, చెక్క పెట్టెలో వరసగా అమర్చి కంపెనీయే అమ్ముతుంది. అక్కడ వేటా లేదు, వెలితీ లేదు. ఒక పండక్కి కొనేసి గోడకు పెట్టుకోవచ్చు. పిల్లలకు భలే నచ్చుతుంది. వాడుకోవడానికైతే 8వ నంబరు ఒక్కటి చాలు. 1955 నుంచి వస్తున్న తిప్పే ఉంగరం తాళం దానికి ఉంటుంది, మామిడికాయ కోస్తుంటే బ్లేడు వేళ్ల మీదకు మడతపడదు.

కొమ్ము పిడుల దగ్గరకొస్తే మన ఊరి సంగతి మాట్లాడాలి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, జర్మనీలోని జోలింగెన్‌లో, బ్రాడ్‌ఫర్డ్‌లో తరాలుగా వాడిన మేలైన కొమ్ములో ఎక్కువ భాగం మన దేశపు కణుజుది, అంటే సాంబార్ దుప్పిది. నల్లమల అడవుల్లో తిరిగేదే. ఏటా రాల్చే కొమ్ములు ఏరి ఎగుమతి చేసేవారు. లోపలి గుల్ల తక్కువగా, గట్టిగా ఉండటం వల్ల ఆ కొమ్మంటే అంత గిరాకీ. 1990ల చివర్లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. పాత కొమ్ము పిడులకు ఇవాళ అంత ధర పలకడానికి అదొక కారణం. ఇక్కడ మీకు సమస్యేమిటంటే, 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం దుప్పి కొమ్మును, దానితో చేసిన వస్తువులను కూడా పట్టించుకుంటుంది. అమెరికాలో చక్కగా బిల్లుతో కొన్నదే అయినా, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక అధికారి ముందు పెట్టె తెరిచి అది ఎప్పటి కొమ్మో, ఎక్కడి దుప్పిదో రుజువు చేసే పని మీద పడుతుంది. ఏనుగు దంతం పిడులైతే ఇంకా పెద్ద తలనొప్పి, 2016 నుంచి అమెరికాలోనే దాని అమ్మకం మీద గట్టి ఆంక్షలున్నాయి. పదేళ్లలో సామాను సర్దే మనిషి ఈ సెట్ కొనకపోవడం మంచిది. చూడాలని ఉంటే బ్రాడ్‌ఫర్డ్‌లో జిప్పో–కేస్ మ్యూజియం ఉంది, సెలవుల్లో ఇంటిల్లిపాదీ కారులో వెళ్లొచ్చే దూరమే.

ఎముక పిడులకు ఆ గొడవ లేదు, అది పశువుల ఎముక. ఈ రోజుల్లో కేస్ వాడే ఎముక బ్రెజిల్ జీబూ పశువుల కాలిదని కంపెనీ చెబుతుంది. బ్రెజిల్ జీబూల్లో అత్యధికం నెలోరే జాతి, మన ఒంగోలు గిత్తల సంతతి. బాపట్ల మనిషికి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. ఇక చట్టం సంగతికొస్తే, మన ఆయుధ నిబంధనల్లో లైసెన్సు అడిగేది 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న, ఇంటి పనికీ వ్యవసాయానికీ కాని కత్తులకు. మీ 6318 మూసి ఉన్నప్పుడే నాలుగు అంగుళాలు లేదు. చేతి సంచిలో మాత్రం ఒక్కటి కూడా మరచిపోకండి, అన్నీ చెక్-ఇన్ పెట్టెలోనే. బిల్లులు, ఏ కత్తి ఏ ఏడాదిదో రాసిన పుస్తకం వెంట ఉంచుకోండి. ఆ పుస్తకం మీ ఆవిడకు కూడా తెలిసిన చోట ఉండాలి. రేపు ఏదైనా అవసరం వస్తే వేటిని ఎంతకు అమ్మవచ్చో ఆమెకు తెలియాలి కదా.

బాపట్ల గాలి కార్బన్ స్టీలుకు శత్రువు. సముద్రపు తేమలో వానాకాలం ఒక్కటి చాలు. ప్రతి బ్లేడుకూ పల్చగా మినరల్ ఆయిల్, గాలి చొరని పెట్టె, అందులో సిలికా జెల్, రెండు నెలలకోసారి తెరిచి చూడటం, ఇవి అలవాటు చేసుకోవాలి. తోలు సంచులు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. మీ పాతికలో పాత సెల్యులాయిడ్ పిడులవి ఉన్నాయేమో ఇప్పుడే వెతకండి. మెరిసే చారలతో, మిఠాయి రంగుల్లో ఉంటాయి. పాతబడ్డ సెల్యులాయిడ్ లోలోపల చెడి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. దాని బ్లేడుతో ఆగదు, పక్కన పెట్టిన మంచి కత్తుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది. పిడి కర్పూరం వాసన వేసినా, బ్లేడు మీద పిడికి ఎదురుగా ఉన్న చోటే తుప్పు పట్టినా ఆ కత్తిని వేరే గదిలో పెట్టండి. పది కత్తుల సెట్ ఉన్న పెట్టెలో ఎప్పుడూ పెట్టొద్దు.

మీ ఆవిడ మాటలో న్యాయముంది. చుక్కలు తెలియని కంటికి ఆ పదీ ఒకేలా ఉంటాయి. ఒకసారి ఆమె చేతికి భూతద్దం ఇచ్చి చుక్కలు లెక్కపెట్టమనండి. ఆ తర్వాత పది పూర్తయ్యాక మీరు వెళ్లాల్సిన దారి కూడా చెబుతాను: ఇక ఒకే ఆకారాన్ని వెంటాడకండి, ఒక్కో ఆకారానికి ఒక్కటి చొప్పున తీసుకోండి. తోలు తీయడానికి పొడవైన రెండు బ్లేడ్ల ట్రాపర్, బొటనవేలంత పీనట్, రెండు కొసలూ పడవలా లేచిన కెనూ, పొలం పనుల బరువైన సాడ్‌బస్టర్, కీలు దగ్గర పొడుగ్గా లోహం తొడిగిన బార్లో, పెద్ద బ్లేడు రెండు స్ప్రింగుల మీద కూర్చునే విట్లర్. వీటిని వరసగా పెడితే ఎవరూ ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అనరు. ఒక్కో దాని వెనక ఒక్కో పని ఉంది, ఆ పని చేసిన మనుషులున్నారు. ఏ కంపెనీదైనా ఫరవాలేదు, ఏ ఏడాదిదైనా ఫరవాలేదు, కొంచెం వాడినదైతే ఇంకా మంచిది, చవగ్గా వస్తుంది, మీరూ వాడుకోవచ్చు. మీ పాతికలో ఒకే ఆకారంవి రెండు, మూడు ఉంటే అమ్మేయండి, ఈ వరసకు చాలావరకు డబ్బు అక్కడే వస్తుంది.

ఇక అమ్మే ఆయనకు ఈ రాత్రే రాయండి. 1974 నాకు అక్కర్లేదని చెప్పండి. 1970, 73, 76 మూడింటికీ మంచి ధర ఇస్తాననండి. 1978కి కీలు దగ్గరి ఫొటో చూశాక చెబుతాననండి. 1971కి వాడిన కత్తి ధరే ఇస్తాననండి. మర్యాదగా, తొందర చూపించకుండా రాయండి. ఆరూ కలిపే తప్ప ఇవ్వనంటే థాంక్స్ చెప్పి, మీ ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉంచండి. ఆరింటికీ ఒకేసారి కొనేవాళ్లు దొరకక, కొన్నాళ్లకు ఆయనే విడిగా ఇస్తానని ఫోన్ చేసే అవకాశం బాగానే ఉంది.